వేళ్లు పోయిన చోటికే మళ్లీ పనికి వెళ్లాను

ప్రమాదంలో చేయి దెబ్బతింది, అదే ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. నాకు జరిగింది చెబుతాను.

2014లో జీడిమెట్లలో పవర్ ప్రెస్ మీద, అంటే రేకును అచ్చులో నొక్కే మోటారు యంత్రం మీద, పనిచేస్తూ కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోగొట్టుకున్నాను. ఆ ప్రెస్‌కు రెండు బటన్లు. రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే పై డై, అంటే పై అచ్చు, కిందికి దిగుతుంది, కాబట్టి చేతులు లోపల ఉండే వీలే లేదు. ఎక్కువ పీసులు రావాలని మేము ఒక బటన్‌ను ట్యూబు రబ్బరుతో బిగించి కట్టేసేవాళ్లం. ఆ రోజు కట్టింది నేనే. ఈ మాట ఇంట్లో చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ముందు డబ్బు సంగతి చూసుకోండి, ధైర్యం సంగతి తర్వాత. మీకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటే, పనిలో తగిలిన గాయంతో పనికి వెళ్లలేని కాలానికి వేతనంలో 90 శాతం ఇస్తారు. శాశ్వత నష్టం ఎంతో మెడికల్ బోర్డు తేలుస్తుంది, దాన్ని బట్టి నెలనెలా సొమ్ము వస్తుంది. యాజమాన్యం పంపిన ప్రమాద నివేదిక నకలు తప్పకుండా తీసుకోండి. ఇల్లు గడుస్తుందని తెలిశాకే నాకు కంటిమీద కునుకు పట్టింది.

తిరిగి వెళ్లాక తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మందం కొలిచే మైక్రోమీటరును ఎడమచేత్తో తిప్పడం నెలకు గానీ పట్టుబడలేదు. ప్రెస్ దిగిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. తోటివాళ్ల జాలి చూపులు అంతకన్నా కష్టంగా ఉండేవి.

ఒక సాయంత్రం, చేరి వారమైనా కాని కుర్రవాడు బటన్‌కు రబ్బరు చుడుతూ కనిపించాడు. మోటారు ఆపించి, నా కుడిచేయి డై మీద పెట్టి, "ఇక్కడే తమ్ముడూ" అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. రబ్బరు విప్పి నా చేతిలో పెట్టాడు. ప్రమాదం తర్వాత ఆ ప్రెస్‌ను నేను తాకడం అదే మొదటిసారని ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది.

మర్నాడు మేనేజరును కలిసి, షిఫ్టుకు ముందు పది నిమిషాలు నాకివ్వమని అడిగాను. అప్పటి నుంచి ప్రతి ప్రెస్ దగ్గరా ఒక్క బటన్ మాత్రమే నొక్కి చూస్తాను. దానికే డై దిగిందంటే, బాగుచేసేదాకా ఆ యంత్రం నడవదు. భయం ఇంకా ఉంది. ఆ పది నిమిషాలూ అది నాకు పనికొస్తోంది.

మీరు చేసేది ఏ యంత్రం మీద, దెబ్బతిన్నది ఏ చేయి అన్నది రాయండి. ముందుగా ఏ పనులు సాధన చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.