పాట్స్: లోతుగా ఊపిరి తీసుకున్నప్పుడు తల తిరగడం

పాట్స్ (POTS, అంటే నిలబడినప్పుడు గుండె వేగం అతిగా పెరిగే సమస్య) ఉన్న మీరు, శ్వాస సాధన మొదలుపెట్టాక తల తిరగడం, వేళ్ల తిమ్మిరి పెరిగాయని రాశారు. మీరు అవసరానికి మించి గాలి పీల్చడమే దీనికి కారణం కావచ్చు. పాట్స్‌లో నిలబడగానే రక్తం శరీరం కింది భాగానికి చేరి, గుండె వేగం నిమిషానికి 30 సార్లు లేదా అంతకు మించి పెరుగుతుంది. కొందరిలో దానితోపాటు శ్వాస కూడా ఎక్కువై, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయి. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఆక్సిజన్‌నే చూపుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను కొలవదు కనుక అందులో అంకె బాగానే కనిపిస్తుంది. అందుకే సాధన ఇలా చేయండి:

1. వెల్లకిలా పడుకుని, ఒక చేయి ఛాతీపై, మరొకటి పొట్టపై ఉంచి, ముక్కుతోనే ఊపిరి తీసుకోండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఊపిరి వేగం తగ్గిస్తారు గాని పీల్చే గాలి పరిమాణం తగ్గించరు. నెమ్మదిగా పీల్చినా ఛాతీ నిండా పీలిస్తే ఫలితం ఉండదు. పొట్టపై చేయి కొద్దిగా లేచేంత, పక్కవారికి వినపడనంత చిన్న ఊపిరి చాలు. కొంచెం గాలి చాలనట్టు అనిపించడం సహజం. అయితే అది ఆందోళనగా మారకూడదు.

3. ఊపిరి వదలడం, తీసుకోవడం కన్నా కొంచెం పొడవుగా ఉండాలి. 3 అంకెలు లెక్కపెడుతూ లోపలికి, 4 లెక్కపెడుతూ బయటికి అయితే సరిపోతుంది. ఊపిరి బిగబట్టవద్దు.

4. పడుకుని సులువుగా చేయగలిగాకే కూర్చుని, ఆ తరువాతే గోడకు ఆనుకుని నిలబడి చేయండి. తొందరపడితే మళ్లీ మొదటికే వస్తుంది.

స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా సాధన ఆపి వెంటనే వైద్యుణ్ని కలవండి. రాసిచ్చిన మందులు మాత్రం సొంతంగా మానవద్దు.