ముందు గీత, తర్వాతే రంగు

చిరంజీవికి,

నీ కథ చదివాను. అడవి, వెన్నెల, పాడుబడ్డ కోట అన్నీ బాగానే కుదిరాయి. విశేషణాలకైతే లోటే లేదు. అయితే ఆ పిల్ల తలుపు బయట ఉందో లోపల ఉందో ఎంత వెతికినా అంతు చిక్కలేదు.

ఆర్థర్ రాక్‌హామ్ బొమ్మలు ఎప్పుడైనా చూశావా? కథల పుస్తకాలకి బొమ్మలు వేసిన ఇంగ్లిష్ చిత్రకారుడు. 1867లో లండన్‌లో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే ఒక బీమా ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు లాంబెత్ ఆర్ట్ స్కూల్లో చదువు. 1892లో ఉద్యోగం మానేసి పత్రికల్లో చేరాడు. 1905లో రిప్ వాన్ వింకిల్ అనే అమెరికన్ కథకి 51 రంగు బొమ్మలు వేశాకే జనం నోట్లో పేరు నానింది. అప్పటికి నలభైకి దగ్గరపడ్డాడు. ఇంకా పేరు రాలేదని నువ్వు పడే టెన్షన్ చూసి ఈ లెక్క చెబుతున్నాను.

అతని పని తీరు నీకు పనికొస్తుంది. ముందు మెత్తటి పెన్సిల్‌తో ఆకారాలు తేలిగ్గా గీసుకునేవాడు. దాని మీద పెన్నుతో ఇండియన్ ఇంకు, అంటే నల్ల సిరా. పెన్సిల్ జాడలు చెరిపేశాక నీటిరంగు, పల్చగా, పూత మీద పూత. అప్పటి మూడు రంగుల అచ్చులో బొమ్మ స్పష్టత కొంత పోయేది. అందుకని రంగులన్నీ అయ్యాక ఒక్కోసారి మళ్లీ పెన్ను పట్టి గీతలు దిద్దేవాడు. నువ్వు వర్ణనంతా పూర్తయ్యాక ఆ రెండో దిద్దుబాటు చేయలేదు. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అనే గీత నీ వెన్నెల కింద మునిగిపోయింది.

1906లో వచ్చిన పీటర్ పాన్ పుస్తకంలో కెన్సింగ్టన్ గార్డెన్స్ అనే లండన్ పార్కు బొమ్మలు చూడు. చెట్ల వేళ్లు ముడతలు పడిన ముసలివాళ్ల చేతుల్లా మెలికలు తిరిగి ఉంటాయి. వాటి సందుల్లో దేవకన్యలు. పక్కనే ఇనప కంచె, దారి, మామూలు లండన్ జనం. ఆ కంచె అంత నమ్మకంగా గీశాడు కాబట్టే దేవకన్యల్నీ నమ్ముతాం. రంగులు కూడా ఎక్కువగా మట్టి, ఎండుటాకు ఛాయలే. మెరుపులు తక్కువ. (నాకు అతని రంగు బొమ్మలకంటే నీడబొమ్మలే ఇష్టం, 1919 నాటి సిండ్రెల్లాలోవి. అది వేరే సంగతి.)

ఇలాంటి కథలు ముందే ఎవరో రాసేశారు కదా అని అడిగావు. 1907లో 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' అనే పిల్లల కథ కాపీరైట్ తీరగానే రాక్‌హామ్ దానికి బొమ్మలు వేశాడు. 1865లో ఆ కథకి మొదట బొమ్మలు వేసిన టెనియల్ అనే చిత్రకారుడు అప్పటికి బతికే ఉన్నాడు. టెనియల్ బొమ్మలుండగా ఇవెందుకని విమర్శకులు కొందరు విసుక్కున్నారు. ఇప్పుడు ఇద్దరి ఆలిస్‌లూ దొరుకుతున్నాయి, రెండూ కొని చూడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు