లెక్కల్లో ముందున్న అబ్బాయి హాస్టల్లో ఎందుకు ఉండలేకపోయాడు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. తొమ్మిదో తరగతిలోనే ఇంటర్ లెక్కల పుస్తకాలు తెప్పించుకుని చేసేవాడు. ఐఐటీ కోచింగ్ ఉందని హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పిస్తే 40 రోజులకే ఇంటికి తీసుకురావాల్సి వచ్చింది. అక్కడ తిండి మానేశాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. డాక్టరుగారికి చూపిస్తే ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. వాడికి ఇంకా చెప్పలేదు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తీసుకుంటే జీవితాంతం ముద్ర పడిపోతుందని మావారి భయం. ఐఐటీ ఆశ వదులుకోవాల్సిందేనా? రేపు వాడికి ఉద్యోగం ఎవరిస్తారు?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ 40 రోజుల సంగతి చూద్దాం. తెల్లవారుజామున బెల్లు. మెస్‌లో వందల స్టీలు కంచాల చప్పుడు. గది నిండా పిల్లలు. వారం వారం టెస్టు, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. అంటే కూర్చునే చోటు, పక్కవాడు, లెక్చరర్ అన్నీ మారిపోతాయి. రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్. అది ఏ పిల్లలకైనా కష్టమే. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లా శబ్దం, వెలుతురు, వాసన మనకంటే చాలా గట్టిగా తగిలే పిల్లవాడికి, రేపు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే తప్ప కుదుటపడని పిల్లవాడికి, రోజంతా వాటిని తట్టుకోవడంతోనే సరిపోతుంది. ఇక లెక్కలు చేయడానికి ఓపిక ఎక్కడిది?

అబ్బాయి తిండి మానేస్తే మొండితనం అనుకోకండి. మెస్‌లో అడుగుపెట్టడమే కష్టమై ఉండొచ్చు. “ఎందుకు తినలేదురా?” అని అడిగితే జవాబు రాదు. “మెస్‌లో ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉండేది? చప్పుడా, వాసనా, జనమా?” అని విడదీసి అడగండి. నోటితో చెప్పలేకపోతే రాసిమ్మనండి. ఈ పిల్లల్లో చాలామంది రాతలో ఎంతో స్పష్టంగా చెబుతారు.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి అబ్బాయినే తీసుకొచ్చిన ఒక తండ్రికి, “నలుగురిలో ఉంటే అదే అలవాటవుతుంది” అని చెప్పి పంపాను. ఆయన మళ్లీ అదే హాస్టల్‌కి పంపారు. ఆ ఏడాది ఆ అబ్బాయి పరీక్షలే రాయలేకపోయాడు. ఆ తప్పు నాది. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను: ఇంకో రెసిడెన్షియల్ కాలేజీ వెతకొద్దు. ఖమ్మంలోనే డే స్కాలర్‌గా చేర్పించండి. సెక్షన్ మార్చవద్దని, క్లాసులో చివరి వరసలో గోడ పక్కన చోటు ఇవ్వమని ప్రిన్సిపాల్‌ని కాగితం మీద రాసి అడగండి. మిగతా కోచింగ్ ఇంట్లో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. రాత్రి ఎనిమిది గంటల నిద్రను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఐఐటీ ఆశ వదులుకోనక్కర్లేదు. కానీ ఆ ఒక్క తలుపే చూస్తూ కూర్చోవద్దు. మీరు రాసినదాన్ని బట్టి బాబుకి ఇష్టం లెక్కలంటే, ర్యాంకులంటే కాదు. కోల్‌కతాలోని ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో బీస్టాట్, బెంగళూరు ఐఎస్ఐలో బీమ్యాథ్, చెన్నైలోని సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్)లో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు ఉన్నాయి. వాటికి సొంత ప్రవేశ పరీక్షలు ఉంటాయి. నిమిషానికి ఒక బిట్టు కొట్టే వేగం కన్నా, ఒక లెక్క పట్టుకుని లోతుగా ఆలోచించి నిరూపణ రాసే ఓపికకు అక్కడ విలువ ఎక్కువ. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బీటెక్‌తో పాటు పరిశోధన మీద ఎంఎస్ కూడా ఇచ్చే కోర్సులు ఉన్నాయి. మన ఊళ్లలో వీటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. బాబుతో ఈ పరీక్షల పాత పేపర్లు చేయించి చూడండి. వాటిని వదలకుండా కూర్చున్నాడంటే దారి దొరికినట్టే.

ఇక సర్టిఫికెట్. మీవారి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఇక్కడ ఆయనతో నేను ఏకీభవించను. దాన్ని ఎవరికి చూపించాలో, ఎప్పుడు చూపించాలో మీ చేతిలో ఉంటుంది. బీరువాలో పెట్టుకున్నా నష్టం లేదు, అవసరమైనప్పుడు లేకపోతేనే నష్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం స్పెక్ట్రమ్ ఒకటి. 40 శాతం, ఆపైన అని మెడికల్ బోర్డు తేలిస్తే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. జేఈఈ మెయిన్‌లో మూడు గంటల పేపర్‌కు ఇంకో గంట ఇస్తారు. ఎన్ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం కావాల్సిన చోట 65 సరిపోతాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు కేటాయించిన 4 శాతంలో ఒక శాతాన్ని ఆటిజం ఉన్నవాళ్లూ మరికొన్ని వర్గాలవాళ్లూ పంచుకుంటారు. ఇంటర్ పరీక్షల్లో అదనపు సమయం కోసం కాలేజీ ద్వారా ముందే దరఖాస్తు చేయాలి, హాల్ టికెట్లు వచ్చాక అడిగితే కుదరదు.

మెడికల్ బోర్డు వాళ్లు ఆటిజం ఎంత ఉందో కొలవడానికి వాడే ఇసా అనే 40 అంశాల స్కేలును తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే. ఇప్పుడు ఆ సంస్థను ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. అయితే ఒక జాగ్రత్త. బాగా చదివే పిల్లలు ఆ పది నిమిషాలు బోర్డు ముందు చక్కగా జవాబులు చెప్పేస్తారు. “ఇంత తెలివైనవాడికి సర్టిఫికెట్ ఎందుకమ్మా?” అని మిమ్మల్నే అడుగుతారు. అందుకని చిన్నప్పటి నుంచి చూసినవన్నీ రాసి తీసుకెళ్లండి: మాటలు ఎప్పుడు వచ్చాయి, ఏ శబ్దాలకు చెవులు మూసుకుంటాడు, హాస్టల్లో ఏమైంది. డాక్టరుగారి రిపోర్టు కూడా జతచేయండి.

ఐన్‌స్టీన్‌కీ న్యూటన్‌కీ ఆటిజం ఉండేదని మీకు వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. వాళ్లను ఆటిజం కోసం ఏ డాక్టరూ పరీక్షించలేదు, ఆ మాట పట్టించుకోకండి. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న వెర్నన్ స్మిత్ మాత్రం తన ఆస్పెర్గర్ లక్షణాల గురించి తానే బయటికి చెప్పారు (ఆస్పెర్గర్‌ను 2013 నుంచి ఆటిజం స్పెక్ట్రమ్‌లోనే కలిపారు). పనిలో మునిగితే బయటి ప్రపంచాన్ని పూర్తిగా మరిచిపోగలనని ఆయన అంటారు. అమెరికాలో పశుశాస్త్ర ప్రొఫెసర్ టెంపుల్ గ్రాండిన్‌కు మూడేళ్లు దాటినా మాటలు రాలేదు. పశువులను బెదరకుండా నడిపించే దారులను డిజైన్ చేసి పేరు తెచ్చుకున్నారు. పని కోసం వెళ్లినప్పుడు ఆవిడ తన గురించి మాట్లాడేవారు కాదు, గీసిన డ్రాయింగులు చూపించేవారు. మీ అబ్బాయి ఉద్యోగం గురించి మీరడిగిన ప్రశ్నకు నా జవాబు అక్కడే ఉంది.

“మీ గురించి చెప్పండి” అనే ఇంటర్వ్యూ ప్రశ్న దగ్గరే ఇలాంటి యువకులు ఆగిపోతారు. ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి, ఏదీ ఆ ప్రశ్నలో ఉండదు. డెన్మార్క్‌లో ఆటిజం ఉన్న ఒక బాబు తండ్రి 2004లో స్పెషలిస్టెర్నే అనే సంస్థ పెట్టి, ఆటిజం ఉన్న అభ్యర్థులతో లెగో రోబోలు చేయించి వాళ్ల నైపుణ్యం చూసేవారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్ఏపీ 2013లో ‘ఆటిజం ఎట్ వర్క్’ మొదలుపెట్టింది, బెంగళూరులో కూడా ఆటిజం ఉన్నవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకుంది. అలాంటి కంపెనీలు ఇంకా తక్కువే, దాచను. అందుకే బాబు చేసిన పని కంటికి కనబడేలా ఇప్పటి నుంచే పోగుచేయండి: సాధించిన లెక్కల నోట్సు, రాసిన ప్రోగ్రాములు.

దీనికన్నా నాకు ఎక్కువ బెంగ వేరే ఉంది. తెలివైన పిల్లవాడని ఇంట్లో ఏ పనీ చెప్పరు. డిగ్రీ చేతికొచ్చేసరికి బస్సెక్కడం, బట్టలు ఉతుక్కోవడం, అన్నం వండుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం రాదు. మంచి ర్యాంకు వచ్చి కూడా మొదటి సెమిస్టర్‌లోనే ఇంటికి వచ్చేసిన పిల్లలను చూశాను, చదువు రాక కాదు. నెలకు ఒక్క పని నేర్పండి. ఈ నెల కుక్కర్ పెట్టడం. ఏది తర్వాత ఏది చేయాలో వరసగా రాసి గోడకు అంటించండి. వచ్చే నెల ఆర్టీసీ బస్సులో మీతో ఒకసారి, తర్వాత తనొక్కడే.

అబ్బాయికి ఇంకా చెప్పలేదన్నారు. దయచేసి ఇక ఆలస్యం చేయకండి. పదహారేళ్లవాడు, తను మిగతావాళ్లలా లేనని ఎప్పుడో గమనించి ఉంటాడు. కారణం తెలియకపోతే “నాలోనే ఏదో తప్పుంది” అనుకుంటాడు. హాస్టల్ నుంచి ఓడిపోయి వచ్చానని ఇప్పుడు అనుకుంటూ ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ తొందరలో లేని ఒక ఆదివారం సాయంత్రం డాక్టరుగారు చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పండి. చదువుకోవడానికి ఏదైనా రాసి ఇవ్వండి, ప్రశ్నలుంటే వారం తర్వాతైనా అడగొచ్చని చెప్పండి. మీరొక్కరే కాకుండా, ఆ సాయంత్రం మీవారిని కూడా పక్కన కూర్చోమనండి.