తమ్ముడితో టూరుకు వెళ్లండి, కార్డు మాత్రం గీకకండి

ప్రశ్న: మాది హన్మకొండ. ఓ డయాగ్నస్టిక్ సెంటర్‌లో పని చేస్తున్నాను, జీతం 26,000. నాన్న ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా, ఆయనకు 14,000 వస్తాయి. చెల్లెలు డిగ్రీ ఫైనలియర్. తమ్ముడికి నాగపూర్ ఎన్ఐటీలో సీటొచ్చింది. వాడు వెళ్లేలోగా ముగ్గురం గోవా వెళ్లి రావాలని ఉంది. ప్యాకేజీ 45,000. కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టుకోవచ్చా? లేక నవంబర్‌లో చేతికొచ్చే ఆర్‌డీ (90,000) ఇప్పుడే తీసేయాలా? ఖాతాలో 38,000 ఉన్నాయి. అమ్మ ఇదంతా దండుగ అంటోంది. ఫీజుకేమో నాన్న సేటు దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తానంటున్నాడు.

జవాబు: దండుగేం కాదు. వాడు ఒకసారి హాస్టల్లో చేరాక మీ ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరకడం కష్టం. దసరాకు వాడొస్తే మీకు డ్యూటీ, మీకు వీలైతే చెల్లెలికి పరీక్షలు. కాబట్టి వెళ్లండి. గోవాకు మాత్రం ఇప్పుడొద్దు.

మీ బ్యాంకు ఈఎంఐకి 16 శాతం వడ్డీ వేస్తుందనుకుందాం. నెలకు దాదాపు 4,080 కట్టాలి. ఏడాదికి వడ్డీ 4,000 వరకు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 700, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఈ నాలుగైదు వేల కంటే నన్ను భయపెట్టేది ఆ 12 నెలలే. తమ్ముడి మెస్ బిల్లు, రైలు టికెట్లు, పుస్తకాలు అన్నీ మీదపడే మొదటి ఏడాదీ అదే. ఆర్‌డీ కూడా కదపకండి. మధ్యలో తీస్తే వడ్డీ కోత పడుతుంది. నవంబర్‌లో వస్తే రెండో సెమిస్టర్ ఫీజుకు సరిగ్గా అందుతుంది.

ఖాతాలోంచి 8,000 తీసి పక్కన పెట్టండి. టూరంటే అంతే. ములుగు వైపు వెళ్లండి. పొద్దున రామప్ప, మధ్యాహ్నం లక్నవరం చెరువు. రామప్ప 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అయినా దాన్ని తీరిగ్గా చూడనిది మన వరంగల్ వాళ్లమేనేమో! కారు మాట్లాడుకుంటే 4,000 లోపు తెగేలా చూసుకోండి, మిగతాది తిండికీ బోటింగుకూ. బస్సులో అయితే ఇంకా చవక. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ చూపిస్తే మీ అక్కాచెల్లెళ్లకు జీరో టికెట్, తమ్ముడొక్కడికే చార్జీ. కాకపోతే రామప్ప నుంచి లక్నవరానికి బండ్లు మారాలి, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం చూసుకోవాలి. బొగత జలపాతాన్ని కూడా అదే రోజు ఇరికించకండి. అది వాజేడు దగ్గర, చాలా దూరం. పైగా వరద ఎక్కువైతే అక్కడ లోపలికి పంపరు.

అసలు డబ్బు టూరులో లేదు, ఫీజులో ఉంది. ఎన్ఐటీలో బీటెక్ ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. ఏ కేటగిరీ వాళ్లయినా సరే, కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపు ఉంటే అది మొత్తం మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా పూర్తి మాఫీ. మీ జీతం, నాన్న జీతం కలిపినా 4.80 లక్షలే. అంటే సెమిస్టర్‌కు 41,600 పైచిలుకు తగ్గి, కట్టాల్సింది 21,000 లోపే. హాస్టల్, మెస్ ఖర్చులకు ఈ మాఫీ ఉండదు. ఇందుకు తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కావాలి, మీ సేవలో రేపే అర్జీ పెట్టండి. ఏ ఏడాది ఆదాయం, ఏ నమూనా అన్నది కాలేజీ సూచనల్లో చూసుకోండి. చాలా ఇళ్లలో ఈ కాగితం రైలెక్కే ముందు రోజు గుర్తొస్తుంది, ఇక ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు.

సేటు మిత్తి మాట మానేయమనండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద ఎన్ఐటీ విద్యార్థులకు తాకట్టు, హామీ లేకుండా బ్యాంకులు విద్యారుణం ఇస్తాయి, వడ్డీ ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు. సాధారణంగా కోర్సు ముగిసిన ఏడాదికి గానీ వాయిదాలు మొదలు కావు. అప్పు తమ్ముడి పేరు మీదే ఉండాలి. అక్కగా ప్రేమకొద్దీ మీ పేరు మీద తీసుకోకండి. విద్యారుణ వడ్డీకి వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు తోబుట్టువుల చదువుకు వర్తించదు.

టూరులోనే ఒక మాట తేల్చుకోండి, వాడికి నెలకు ఎంత పంపగలరో. ఒకటో తారీఖున వాడి ఖాతాలో వేసేయండి, అయిపోతే వాడే సర్దుకుంటాడు. యూపీఐ సర్కిల్‌తో మీ ఖాతా నుంచే వాడుకోనివ్వచ్చు (నెలకు 15,000, ఒక్కో చెల్లింపుకు 5,000 వరకు), కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాడి టీ లెక్కలన్నీ మీ ఫోన్‌కు రావడం ఇద్దరికీ మంచిది కాదని నా అభిప్రాయం.

ఇంకొకటి. మీ ఉత్తరంలో చెల్లెలి గురించి ఒక్క ముక్కే ఉంది. వచ్చే ఏడాది ఆమె పీజీయో బీఈడీయో అంటే డబ్బెక్కడిది? గోవా ఈఎంఐ ఎలాగూ తప్పింది కదా, అందులోంచి నెలకు 2,000తో ఆమె పేరు మీద ఒక ఆర్‌డీ మొదలుపెట్టండి. ఆ సంగతి లక్నవరంలో ఇద్దరి ముందూ చెప్పండి.