లెక్కలంటే భయం, మ్యూకోఅడెసివ్ టాబ్లెట్ల ప్రాజెక్టు తీసుకోవచ్చా?

ప్రశ్న: ఎం.ఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ చదువుతున్నాను. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌తో కంట్రోల్డ్ రిలీజ్ మ్యూకోఅడెసివ్ టాబ్లెట్లు (కడుపు లోపలి జిగురు పొరకు అతుక్కుని మందును నెమ్మదిగా వదిలేవి) తయారుచేసి, ఫ్యాక్టోరియల్ డిజైన్‌తో (పదార్థాల మోతాదులను అన్ని రకాలుగా కలిపి పరీక్షించే పద్ధతి) ఆప్టిమైజ్ చేయమని మా గైడ్ అంటున్నారు. నాకు స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్. ఫార్ములేషన్ ఉద్యోగానికి ఇది పనికొస్తుందా, లేక తేలికైన టాపిక్ చూసుకోమంటారా?

జవాబు: తీసుకోండి. మీరు భయపడుతున్న భాగం గురించే ఇంటర్వ్యూలో ఎక్కువగా అడుగుతారు.

అయితే ముందు ఆ మందే ఎందుకో మీరు చెప్పగలగాలి. అమాక్సిసిలిన్ హాఫ్ లైఫ్ (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) సుమారు గంట. ఇలాంటి బీటా లాక్టమ్ మందుల విషయంలో గాఢత ఎంఐసీకి (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస గాఢత) పైన ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం, ఒక్కసారిగా ఎంత పెరిగిందన్నది కాదు. అందుకే నెమ్మదిగా విడుదల చేయడంలో అర్థముంది. జెంటామైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్లకు ఈ వాదన నిలవదు. పైగా ఈ మందు వాడే హెలికోబ్యాక్టర్ పైలోరీ (కడుపు పుండ్లకు కారణమయ్యే బ్యాక్టీరియా) ఉండేది కడుపులోని మ్యూకస్ (జిగురు) పొరలోనే, కాబట్టి టాబ్లెట్ అక్కడ అతుక్కుంటే మేలు. కానీ ఆ మ్యూకస్ ఎప్పటికప్పుడు ఊడిపోయి కొత్తది వస్తుంటుంది, దాంతోపాటే టాబ్లెట్టూ జారిపోవచ్చు. ఈ పరిమితిని థీసిస్‌లో దాచకుండా రాయండి.

ఇక స్టాటిస్టిక్స్. కార్బోపాల్, హెచ్‌పీఎంసీ అనే రెండు పాలిమర్లను మూడేసి స్థాయిల్లో (మోతాదుల్లో) తీసుకుంటే 9 ఫార్ములేషన్లు. ఒకదాన్ని కదపకుండా ఇంకోదాన్నే మారుస్తూ పోతే, రెండూ కలిసి విడుదలను ఎలా మారుస్తాయో మీకు తెలియదు. ఆ ఇంటరాక్షన్‌ను పట్టుకోవడానికే ఈ డిజైన్. లెక్కలు సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. స్థాయిలు నిర్ణయించాల్సింది మాత్రం మీరే, అసలు కష్టం అక్కడే ఉంది. 500 మిల్లీగ్రాముల మందు పెట్టాక టాబ్లెట్‌లో పాలిమర్‌కు చోటు ఎంత మిగులుతుంది? మింగగలిగే సైజులోనే ఉంటుందా? కొన్ని ట్రయల్ బ్యాచ్‌లు చేయకుండా అంకెలు ఖాయం చేసుకోకండి.

ఆర్ స్క్వేర్ (సమీకరణం ఫలితాలకు ఎంత సరిపోయిందో చెప్పే అంకె) 0.99 వచ్చిందని మాత్రం సంబరపడొద్దు. 9 ఫలితాలకు 6 గుణకాల సమీకరణం అమర్చితే అది ఎక్కువగానే వస్తుంది. మధ్య స్థాయి బ్యాచ్‌ను కొన్నిసార్లు తిరిగి చేసి, మీ ప్రయోగంలో సహజంగా వచ్చే తేడా ఎంతో చూడండి. తర్వాత డిజైన్‌లో లేని ఒక చెక్‌పాయింట్ బ్యాచ్ చేసి, మోడల్ చెప్పిన అంకెతో పోల్చండి. అవి కలవకపోయినా ఎందుకో వివరించగలిగితే, ఇంటర్వ్యూ చేసేవాళ్లు శ్రద్ధగా వింటారు.

మందుల తయారీపై అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ క్యూ8 మార్గదర్శకంలో డిజైన్ స్పేస్ (నాణ్యత చెడకుండా మార్చుకోగల పరిధి) అన్న మాట చదివే ఉంటారు. దానికి ఆధారం ఇలాంటి ప్రయోగాలే. ఫార్ములేషన్ ఆర్ అండ్ డీలోనే కాదు, టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్, రెగ్యులేటరీ విభాగాల్లోనూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

భయం పోవాలంటే రెండు ఫ్యాక్టర్లు, రెండు స్థాయిల చిన్న ఉదాహరణ తీసుకుని కాగితం మీద చేతితోనే లెక్కగట్టండి. తర్వాత రిగ్రెషన్ (ఫలితాలకు సమీకరణం అమర్చడం), ఆపైన అనోవా (తేడాలు నిజమైనవో యాదృచ్ఛికమో చూసే లెక్క). ఈలోగా అతుక్కునే బలం కొలిచే పరికరం, మందు విడుదలను పరీక్షించే డిసల్యూషన్ యంత్రం మీకు ఎన్ని రోజులు దొరుకుతాయో గైడ్‌ని అడిగి తెలుసుకోండి. ఎన్ని బ్యాచ్‌లు పెట్టుకోవచ్చో దాన్నిబట్టే తేలుతుంది.