ఆదివారం బీరు ఉంటుంది, విస్కీ ఉండదు

ప్రశ్న: ఆదివారం మధ్యాహ్నం సూపర్ మార్కెట్లో బీరు అమ్ముతున్నారు. పక్కనే ఉన్న లిక్కర్ స్టోర్‌కి మాత్రం తాళం. ఇదేం లెక్క? (డాలస్)

జవాబు: అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసిన 21వ రాజ్యాంగ సవరణ, మద్యం అమ్మకాల పెత్తనాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సస్ చట్టం బీరు, వైన్లను ఒక గాటన, విస్కీ, వోడ్కా, రమ్ములను ఇంకో గాటన కట్టింది. లిక్కర్ స్టోర్లు సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకానే. ఆదివారం సెలవు. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, జనవరి 1 కూడా అంతే. క్రిస్మస్ గానీ కొత్త సంవత్సరం గానీ ఆదివారం పడితే మర్నాడు సోమవారం కూడా తెరవరు. పార్టీ పెట్టుకున్నవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

సూపర్ మార్కెట్లో బీరు, వైన్ సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 7 నుంచి అర్ధరాత్రి దాకా, శనివారం రాత్రి 1 దాకా, ఆదివారం ఉదయం 10 నుంచి అర్ధరాత్రి దాకా అమ్ముతారు. 2021 సెప్టెంబరుకి ముందు ఆదివారం మధ్యాహ్నం 12 దాకా ఆగాల్సి వచ్చేది. బిల్లు పడే సమయమే లెక్క. ముందే బుట్టలో వేసుకున్నామంటే కుదరదు.

ప్రశ్న: కాలిఫోర్నియా నుంచి మారాం. అక్కడ ఏ కిరాణా షాపులోనైనా అన్నీ దొరికేవి. ఇక్కడ దేనికి ఎక్కడికి వెళ్లాలి? (ఫిలడెల్ఫియా)

జవాబు: కాలిఫోర్నియాలో ఉదయం 6 నుంచి రాత్రి 2 దాకా అన్నింటికీ ఒకటే వేళ. పెన్సిల్వేనియాలో విస్కీ, వోడ్కా సీసా కావాలంటే ప్రభుత్వమే నడిపే 'ఫైన్ వైన్ అండ్ గుడ్ స్పిరిట్స్' దుకాణానికి వెళ్లాలి. లైసెన్సున్న సూపర్ మార్కెట్లో వైన్ ఒక బిల్లుకి 3 లీటర్లే, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు. బీరు 192 ఔన్సులు మించకూడదు. 12 ఔన్సుల క్యాన్లయితే 16. పన్నెండు క్యాన్ల ప్యాక్ ఇస్తారు, 24 క్యాన్ల కేసు ఇవ్వరు. దానికి బీర్ డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి పోవాలి. ఒక్క విందుకి మూడు షాపులు తిరగడం కొత్తవాళ్లకి చిరాకే.

ప్రశ్న: వారాంతంలో యూటా పార్కులు చూడ్డానికి వెళ్తున్నాం. జాగ్రత్తలేమిటి? (డెన్వర్)

జవాబు: కావలసింది శనివారమే కొనుక్కోండి. ఆదివారం ప్రభుత్వ లిక్కర్ స్టోర్లు మూసేస్తారు. కిరాణా షాపుల్లో 5 శాతం ఆల్కహాల్ దాటని బీరే ఉంటుంది. రెస్టారెంట్లో డ్రింక్ కావాలంటే తినడానికి కూడా ఏదైనా ఆర్డర్ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం: డ్రైవింగ్‌కి రక్తంలో ఆల్కహాల్ పరిమితి మిగతా రాష్ట్రాల్లో 0.08 శాతమైతే యూటాలో 0.05. వేరేచోట చెల్లిన కొలత ఇక్కడ కేసవుతుంది. మూత తీసిన సీసా ఏదైనా ఉంటే డిక్కీలో పెట్టండి, సీట్ల దగ్గర ఉంచొద్దు.

ప్రశ్న: అరవై దాటిన నాన్నగారిని కూడా ఐడీ అడిగారు. ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే ఒప్పుకోలేదు. (అట్లాంటా)

జవాబు: వయసు చూడకుండా అందరినీ అడగడం చాలా షాపుల పద్ధతి. నాన్నగారిది ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. ఫోన్లో ఫొటో సాధారణంగా చెల్లదు. కనీస వయసు అన్ని రాష్ట్రాల్లోనూ 21. తగ్గించిన రాష్ట్రానికి ఫెడరల్ హైవే నిధుల్లో కోత పెట్టేలా 1984లో చట్టం చేయడంతో అందరూ దారికొచ్చారు. ఇరవై ఏళ్ల తమ్ముణ్ణి కూడా కౌంటర్ దాకా తీసుకెళ్తే, అతని కోసమే కొంటున్నారేమోనని అమ్మడానికి నిరాకరించవచ్చు. అతణ్ణి కారులోనే ఉండమనండి.