ఆ శనివారం ఉదయం చేసిన కాలే మీ కేసు

ప్రశ్న: మాది హనుమకొండ. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. 2025 ఆగస్టు 8, శుక్రవారం రాత్రి రాఖీకి ఊరెళ్తుంటే రైలు లేటయింది. స్టేషన్‌లో ఉచిత వైఫైకి ఫోన్ కనెక్ట్ చేశాను. నంబర్ అడిగి ఓటీపీ కొట్టమంది. కాసేపటికి ఇంకో పేజీ వచ్చి, పది రూపాయలు కడితే రాత్రంతా స్పీడ్ వస్తుందంటే డెబిట్ కార్డు వివరాలిచ్చి కట్టాను. దానికీ ఒక ఓటీపీ వస్తే కొట్టాను. తెల్లారి చూస్తే అర్ధరాత్రి దాటాక 1.12కి 49,900, 1.14కి మరో 49,900 రూపాయలు పోయినట్టు మెసేజ్‌లున్నాయి. రాత్రి ఓటీపీలేవీ రాలేదు. ఉదయం 9.05కి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబర్ మెసేజ్ పెట్టారు, అది మా బావకు వాట్సాప్‌లో పంపాను. 11.40కి ఇంకో 86,000 పోయింది. అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం మూడేళ్లుగా దాచిన డబ్బు. అమ్మ ముఖం చూడలేకపోతున్నాను. వైరస్ ఉందని షాపతను చెబితే ఆదివారం ఫోన్ మొత్తం రీసెట్ చేయించాను. బుధవారం బ్రాంచికి వెళ్లి రాసిచ్చాను. ‘ఐదో రోజు ఫిర్యాదు చేశారు, ఓటీపీ మీరే ఇచ్చారు, పబ్లిక్ వైఫై వాడటం మీ నిర్లక్ష్యం’ అంటూ అక్టోబర్‌లో బ్యాంకు నా ఫిర్యాదు కొట్టేసింది. స్టేషన్ వైఫై వాళ్ల మీద కేసు వేయొచ్చా? ఫోన్ శుక్రవారం సాయంత్రమే పోయిందని పోలీసులకు రాసిస్తే ఓటీపీ గొడవే ఉండదని స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాటను మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఉదయం 9.05కి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు, 11.40కి ఇంకో 86,000 పోయింది. ఈ రెండున్నర గంటల మీదే మీ కేసు నడుస్తుంది.

ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత ఎంతవరకో చెబుతూ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు ఖాతాదారుదే అయినా, కార్డు వివరాలు తన చేత్తో తానే ఇచ్చినా, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టమే అతనిది. చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. మీరు 9.05కి చెప్పారు. వాళ్లు నంబర్ ఇచ్చారు. కార్డు బ్లాక్ చేయలేదు. కాబట్టి మూడో లావాదేవీకి మీ నిర్లక్ష్యం, వైఫై, ఓటీపీ ఏవీ అడ్డురావు. బ్యాంకు రాసిన మూడు కారణాలూ నిజమే అనుకున్నా ఆ 86,000 తిరిగివ్వాల్సిందే. ఫిర్యాదులో దీన్ని వేరే పేరాగా, అన్నిటికంటే ముందు రాయండి.

బ్రాంచిలో కాగితం ఇచ్చిన రోజే ఫిర్యాదు చేసిన రోజని బ్యాంకు అంటోంది. అది సర్క్యులర్‌కు విరుద్ధం. ఫోన్ బ్యాంకింగ్, ఎస్ఎంఎస్, ఈమెయిల్, టోల్ ఫ్రీ నంబర్, ఐవీఆర్ (ఫోన్‌లో బటన్లు నొక్కి చెప్పే పద్ధతి), సొంత బ్రాంచి, వీటిలో ఏ దారిలో చెప్పినా చెప్పినట్టే. ఇరవైనాలుగు గంటలూ ఆ ఏర్పాటు ఉండాలి, చెప్పిన వెంటనే నంబర్‌తో రసీదు మెసేజ్ పంపాలి, ఆ సమయం రికార్డు చేయాలి. మీకు వచ్చిన మెసేజ్ అదే.

పోనీ, బుధవారం నుంచే లెక్కపెడదామన్నా వాళ్ల లెక్క తప్పు. గడువు మామూలు రోజుల్లో కాదు, మీ బ్రాంచి పనిదినాల్లో చూడాలి. పైగా మెసేజ్ వచ్చిన రోజును వదిలేయాలి. ఆగస్టు 9 రెండో శనివారం, 10 ఆదివారం. సోమవారం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం మూడు. అంటే 13వ తేదీన మీరు బ్రాంచిలో ఇచ్చిన కాగితం కూడా మూడు పనిదినాల లోపలే ఉంది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో మరెక్కడో జరిగినప్పుడు, మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు ఒక్కో లావాదేవీకి పదివేల వరకే భరించాలి. బ్యాంకు పంపిన ఉత్తరం పక్కన క్యాలెండర్ పెట్టుకుని మీరు ఒక్కసారి చూసుకుంటే ఈ సంగతి అక్టోబర్‌లోనే తెలిసేది.

ఇక మొదటి రెండు లావాదేవీలు. ఇక్కడ మీ కేసు అంత గట్టిది కాదు. పది రూపాయలకు ఆశపడి ముక్కూమొహం తెలియని పేజీలో కార్డు నంబర్, వెనక ఉండే మూడంకెలు, ఓటీపీ అన్నీ ఇచ్చారు. నిర్లక్ష్యానికి సర్క్యులర్ ఇచ్చే ఉదాహరణే చెల్లింపు వివరాలు ఇతరులకు ఇవ్వడం. బ్యాంకు వకీలు దాన్నే పట్టుకుంటాడు. అయినా ఖాతాదారు తప్పుందని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదేనని అదే సర్క్యులర్ చెబుతోంది. ‘ఓటీపీతో జరిగింది’ అని ఒక వాక్యం రాస్తే రుజువైపోదు. 1.12కి, 1.14కి ఓటీపీ పంపారా, ఏ నంబర్‌కు, ఎన్ని గంటలకు చేరింది, అందులో ఏం రాసి ఉంది, ఏ పరికరం నుంచి కొట్టారు? ఈ రికార్డంతా వాళ్ల దగ్గరే ఉంటుంది. రాత్రి ఓటీపీలు రాలేదన్న మీ మాట నిజమైతే ఆ రికార్డు మీకే పనికొస్తుంది. పది రూపాయలకని మీరు కొట్టిన ఓటీపీ నిజంగా దేనికి వచ్చిందో కూడా అందులోనే తేలుతుంది. ఓటీపీ మెసేజ్‌లో ఎంత మొత్తం, ఎవరికి అన్నది రాసి ఉంటుంది. మనలో చాలామంది అంకెలు చూసి మిగతాది చదవరు. మీరూ చదివి ఉండరు.

పబ్లిక్ వైఫై వాడటమే నిర్లక్ష్యమన్న వాదన ఒక్కటే నిలబడదని నా అభిప్రాయం. వాడొద్దని హెచ్చరికలున్న మాట నిజమే. కానీ బ్యాంకు యాప్‌కూ సర్వర్‌కూ మధ్య సమాచారం ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని సంకేతాలుగా మారే వెళ్తుంది. వైఫైకి కనెక్టయినంత మాత్రాన ఖాతా ఖాళీ కాదు. మీ డబ్బు పోవడానికి దారి తీసింది ఆ రెండో పేజీ. వాదన అంతా దాని చుట్టూనే ఉండాలి.

అస్సాంలో ఒక ఖాతాదారుకు మోసంలో పోయిన 94 వేల పైచిలుకు తిరిగివ్వాలని గౌహతి హైకోర్టు చెబితే, 2025 జనవరి 3న సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఇరవైనాలుగు గంటల్లోపే అతను బ్యాంకుకు చెప్పాడన్నది అక్కడ పెద్ద బలం. మీరూ అంతే త్వరగా చెప్పారు.

ఇప్పుడు మీ స్నేహితుడి సలహా. ఆ మాట మళ్లీ ఎత్తకండి. ఫోన్ శుక్రవారం సాయంత్రం పోయిందని రాసిస్తే ఉన్న కేసును చేతులారా చంపుకున్నట్టే. స్టేషన్ వైఫై మీ నంబర్‌కే ఓటీపీ పంపింది, ఆ రికార్డు ఉంటుంది. శనివారం 9.05కి అదే నంబర్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేశారు, మీ గొంతు రికార్డయి ఉంటుంది. టవర్ లొకేషన్ ఉంటుంది. ఆదివారం షాపతని చేతికి ఫోన్ ఇచ్చారు. ఆ ఒక్క అబద్ధంతో మీకు 86,000 ఇప్పించే కాల్ కూడా అబద్ధమే అయిపోతుంది. పోయిన ఫోన్‌తో కాల్ ఎవరు చేశారు? పైగా అధికారికి తప్పుడు సమాచారం ఇస్తే భారతీయ న్యాయ సంహిత 217 కింద ఏడాది వరకు, కోర్టు విచారణలో తప్పుడు సాక్ష్యం చెబితే 229 కింద ఏడేళ్ల వరకు జైలు. ఇలా పోలీస్ స్టేషన్‌లో మొదట అబద్ధం రాసిచ్చి, తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మని స్థితిలో నా దగ్గరకు వచ్చినవాళ్లున్నారు. దొంగ ఎవరో తేలకముందే వాళ్లే ముద్దాయిల్లా నిలబడాల్సి వచ్చింది. పది రూపాయలు కట్టిన సంగతి కూడా దాచకండి. కార్డు రికార్డులో అది ఎలాగూ ఉంటుంది, మీరే ముందు చెబితే మిగతా మాటలకు విలువ ఉంటుంది.

ఫోన్ రీసెట్ చేయించడం మాత్రం క్షమించలేని అజాగ్రత్త. చదువుకున్నవారు, ఉద్యోగం చేస్తున్నారు. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు రాకముందే ఎవరైనా గచ్చు కడుగుతారా? ఏ నెట్‌వర్క్‌కు కలిశారు, ఏ పేజీ తెరుచుకుంది, మధ్యలో ఏదైనా యాప్ పడిందా, ఏ మెసేజ్ ఎన్నింటికి వచ్చింది, అన్నీ అందులోనే ఉండేవి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశానని కూడా మీరెక్కడా రాయలేదు. శనివారం ఉదయమే చేసి ఉంటే డబ్బు చేరిన ఖాతాల్లో కొంతైనా ఆపించే అవకాశం ఉండేది. ఫోన్ ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచండి. అమ్మకండి, ఎక్స్చేంజ్‌లో ఇవ్వకండి, రికవరీ సాఫ్ట్‌వేర్ అంటూ మళ్లీ షాపుకు పట్టుకెళ్లకండి.

మీ అదృష్టం కొద్దీ మీ బావ ఫోన్ ఉంది. ఫిర్యాదు నంబర్ మెసేజ్‌ను మీరు స్క్రీన్‌షాట్ తీసి పంపారా, కాపీ చేసి పంపారా రాయలేదు. స్క్రీన్‌షాట్ అయితే బ్యాంకు పంపిన మెసేజ్ అలాగే కనిపిస్తుంది, ఇంకా మంచిది. ఏదైనా, మీరు పంపిన తేదీ, సమయం ఆ చాట్‌లో ఉంటాయి. ఆ చాట్ డిలీట్ చేయొద్దని, డిసపియరింగ్ మెసేజ్‌లు (కొన్నాళ్లకు వాటంతటవే మాయమయ్యేవి) ఆన్‌లో ఉంటే వెంటనే తీసేయమని ఈ రోజే ఆయనకు చెప్పండి. ప్రింటు తీసి మీరు సంతకం పెడితే చాలదు. ఆ ఫోన్ ఆయనది కాబట్టి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో మొదటి భాగం మీ బావ ఇవ్వాలి, రెండో భాగం నిపుణుడు ఇవ్వాలి, ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య, అంటే హ్యాష్ విలువ రాయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం నియమాలు అంత బిగువుగా చూడరు గానీ, పై కోర్టుల దాకా వెళ్తే అక్కరకొస్తుంది. టోల్ ఫ్రీ కాల్ మీ బిల్లులో పడకపోవచ్చు. కాల్ రికార్డులను టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు ఉంచాలి, కమిషన్ ద్వారా తెప్పించుకోవచ్చు.

స్టేషన్ వైఫై వాళ్ల మీద కేసు గురించి అడిగారు. వద్దు. వినియోగదారుల చట్టంలో ఉచితంగా ఇచ్చే సేవ ‘సేవ’ కిందకే రాదు. అది ఒక అడ్డంకి. అసలు మీరు కలిసింది స్టేషన్ వైఫైకే అని చెప్పలేకపోవడం అంతకంటే పెద్ద అడ్డంకి. పక్క బెంచీ మీద కూర్చున్నవాడు తన ఫోన్ హాట్‌స్పాట్‌కు స్టేషన్ పేరు పెట్టినా మీ ఫోన్‌లో అదే పేరు కనిపిస్తుంది. రీసెట్‌తో ఆ గుర్తులు కూడా పోయాయి. అయితే ఆ వైఫై నిర్వాహకులు మీకు సాక్షులుగా పనికొస్తారు. 2008 పేలుళ్లప్పుడు ఉగ్రవాదులు రక్షణ లేని వైఫైల నుంచి ఈమెయిళ్లు పంపారు. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ, పబ్లిక్ వైఫై వాడేవారిని గుర్తించాకే అనుమతించాలని ఆదేశించింది. మొదటి పేజీలో ఓటీపీ అడిగింది అందుకే. ఆ రాత్రి మీ నంబర్ వాళ్ల రికార్డులో ఉంటే మీరు కలిసింది అసలు నెట్‌వర్క్‌కే అని తెలుస్తుంది. లేకపోతే నకిలీదని అనుమానించాలి. ఏది తేలినా దర్యాప్తుకు దారి దొరుకుతుంది.

ఆ రికార్డుకు గడువుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను (ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను) 180 రోజులు దాచాలి. ఆ తర్వాత ఉంటాయన్న హామీ లేదు. ఆగస్టు 9 నుంచి లెక్కపెడితే 2026 ఫిబ్రవరి 5కి 180 రోజులు నిండుతాయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇంతవరకు పెట్టకపోతే ఈ రోజే పెట్టి, ఆ నంబర్‌తో సైబర్ పోలీసులను కలిసి ఎఫ్ఐఆర్ అడగండి. ఇతరుల గుర్తింపు వివరాల దుర్వినియోగానికి, మోసానికి సంబంధించిన ఐటీ చట్టం 66సీ, 66డీ, న్యాయ సంహిత 318(4) సెక్షన్లు వర్తిస్తాయి. వైఫై లాగ్‌లు, బ్యాంకు ఓటీపీ లాగ్‌లు భద్రపరచమని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద నోటీసులు పంపాలని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి. నేరస్తుల ఖాతాల్లో ఏమైనా ఫ్రీజ్ అయి ఉంటే తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు, అదీ అడగండి.

బ్యాంకు దగ్గర డబ్బు రాబట్టుకోవడానికి ముందు బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. రిజర్వు బ్యాంకు సమగ్ర అంబుడ్స్‌మన్ పథకం కింద ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. 2021 పథకంలో బ్యాంకు జవాబు వచ్చిన నాటి నుంచి ఏడాది గడువుండేది, దాన్ని నమ్ముకోకుండా ఈ నెలలోనే పెట్టండి. చెప్పిన పది పనిదినాల్లో సొమ్ము తాత్కాలికంగా జమ చేయాలన్న నిబంధన పాటించలేదని కూడా రాయండి. అక్కడ న్యాయం జరగకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, బ్యాంకు హెడ్ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఒకేసారి రెండు చోట్లా వేయకండి, కమిషన్‌లో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. కమిషన్‌కు గడువు రెండేళ్లు. బ్యాంకుతో ఉత్తరాలు నడిచినంత కాలం గడువు ఆగుతుందనుకుని మునిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఆగదు. 2027 ఆగస్టు 8ని ఆఖరి తేదీ అనుకుని అంతకు చాలా ముందే దాఖలు చేయండి.

వీటన్నిటికంటే ముందు ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులోను, ఈమెయిల్‌లోను ఒక పేజీ ఉత్తరం పంపండి. అమ్మ ఆపరేషన్ సంగతి అందులో వద్దు. ఆగస్టు 9 ఉదయం 9.05 కాల్ రికార్డింగ్, మీ కార్డుపై బ్లాక్ పెట్టిన సమయం, మూడు లావాదేవీల ఓటీపీ లాగ్‌లు భద్రపరచి కాపీలు ఇవ్వమని మాత్రమే అడగండి. ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదన్నదే కమిషన్‌లో మీకు సాక్ష్యం. పోస్టు రసీదు పారేయకండి.